గాయాలను పిల్లలకు చూపించవచ్చునా?



వేసవి సెలవులు రాగానే మన విచారణలలో పిల్లలను ఒకచోట చేర్చి సత్యోపదేశం నేర్పుతాం. పాటలు, బైబిలు కథలు, బొమ్మలకు రంగులు, చివరి రోజున చిన్న నాటిక, బహుమతులు. ఇది మనందరికీ అలవాటైన పని. అమెరికా దేశంలోని అనేక నల్లజాతి కుటుంబాలు కూడ వేసవిలో తమ పిల్లలను దేవాలయాల ఆవరణలకు, సంఘ భవనాలకు పంపుతాయి. అక్కడ పిల్లలు మరొక పాఠం కూడ నేర్చుకుంటారు. మన పూర్వికులు ఎవరు? ఏ తీరం నుండి తీసుకురాబడ్డారు? ఎన్ని బాధలు పడ్డారు? అంత బాధలోనూ ఏమి పాడుకున్నారు, ఎలా ప్రార్థించారు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే తరగతులవి.

ఈ తరగతుల గురించి వినగానే ఒక సందేహం కలుగుతుంది. ఎనిమిదేళ్ల బిడ్డను కూర్చోబెట్టి, నీ ముత్తాతలను సంతలో అమ్మారని చెప్పవచ్చునా? ఆ పసి మనసులో ద్వేషం మొలకెత్తదా? క్షమించమని క్రీస్తు ప్రభువు బోధించినప్పుడు, పాత గాయాన్ని మళ్లీ మళ్లీ చూపించడం ఆ బోధకు విరుద్ధం కాదా? ఈ సందేహం తేలికైనది కాదు. మంచి మనసున్నవారికే ఇది వస్తుంది. కాబట్టి దానిని జాగ్రత్తగా పరిశీలిద్దాం.

ముందుగా జరిగినదేమిటో తెలుసుకోవాలి. 16వ శతాబ్దం మొదలు 19వ శతాబ్దం వరకు సుమారు 1 కోటి 25 లక్షల మంది ఆఫ్రికా ప్రజలను బంధించి, అట్లాంటిక్ సముద్రం మీదుగా అమెరికా ఖండాలకు తరలించారని చరిత్రకారులు ఓడల లెక్కలనుబట్టి తేల్చారు. వారిలో 17, 18 లక్షల మంది దారిలోనే మరణించారు. మిగిలినవారు బ్రెజిలు, కరీబియన్ దీవులు, ఉత్తర అమెరికా మొదలైన చోట్ల చెరకు, పొగాకు, పత్తి తోటలలో బానిసలయ్యారు. తల్లి ఒక యజమానికి, బిడ్డ మరొక యజమానికి పోయేవారు. వారి పేర్లు మారిపోయాయి, భాషలు మరుగునపడ్డాయి. ఉత్తర అమెరికాలోని చాలా రాష్ట్రాలలో వారికి చదువు చెప్పడమే నేరమని చట్టాలు చేశారు.

1865లో అమెరికా సంయుక్త రాష్ట్రాలలో బానిసత్వం రద్దయినది. అయినా బడి పుస్తకాలలో ఈ ప్రజలకు చోటు దొరకలేదు. దొరికినచోట కూడ, వారు చరిత్ర లేనివారనీ, బానిసత్వం వారికి మేలే చేసిందనీ వ్రాశారు. బానిసలుగా పుట్టిన తల్లిదండ్రుల కుమారుడు కార్టర్ ఉడ్‌సన్ 1912లో హార్వర్డు విశ్వవిద్యాలయం నుండి చరిత్రలో డాక్టరేటు పొందాడు. తన జాతి చరిత్రను పిల్లలకు నేర్పడం కోసం 1926 ఫిబ్రవరిలో ఒక వారాన్ని కేటాయించి ఉద్యమం ప్రారంభించాడు. ఇప్పుడు ఫిబ్రవరి నెలంతా నల్లజాతి చరిత్ర మాసంగా జరుపుకుంటున్నారంటే దాని మూలం అక్కడ ఉన్నది. తన గురించి అబద్ధం నేర్చుకున్న మనిషిని వేరెవరూ అణచనవసరం లేదు, తనంతట తానే తలవంచుకుంటాడు. ఉడ్‌సన్ జీవితమంతా చెప్పిన మాటల సారాంశమిదే.

ఇప్పుడు 1964 వేసవికి వద్దాం. మిసిసిపీ రాష్ట్రంలో నల్లవారు ఓటు హక్కు కోసం పోరాడుతున్న రోజులవి. చార్లెస్ కాబ్ అనే యువకుని ప్రతిపాదన మేరకు ఆ వేసవిలో స్వేచ్ఛా పాఠశాలలు వెలిశాయి. నలభైకి పైగా చోట్ల, రెండు వేలకు మించిన విద్యార్థులతో అవి నడిచాయి. దేవాలయాల నేలమాళిగలు, ఇళ్ల అరుగులు, చెట్ల నీడలే తరగతి గదులు. చిన్న పిల్లల ప్రక్కన ముసలివారు కూడ కూర్చొని చదువుకున్నారు. చదవడం, వ్రాయడం, లెక్కలతోబాటు నల్లజాతి చరిత్రను, పౌరుల హక్కులను నేర్పారు. ఉపాధ్యాయులలో చాలామంది ఉత్తరాది నుండి వచ్చిన కళాశాల విద్యార్థులు. వారిలో అధిక సంఖ్యాకులు తెల్లవారే.

ఇందుకు చెల్లించిన వెల సామాన్యమైనది కాదు. నెషోబా జిల్లాలోని మౌంట్ జయాన్ అనే మెథడిస్టు దేవాలయం తన ఆవరణలో పాఠశాల పెట్టుకోవడానికి ఒప్పుకున్నది. 1964 జూన్ 16న దానిని తగులబెట్టారు. ఆ బూడిదను చూసి, సంఘస్థులను పరామర్శించడానికి జూన్ 21న ముగ్గురు యువకులు వెళ్లారు. జేమ్స్ చేనీ నల్లజాతి కతోలికుడు. మైఖేల్ ష్వర్నర్, ఆండ్రూ గుడ్‌మన్ యూదులు. ఆ రాత్రే ముగ్గురినీ చంపి మట్టికట్ట క్రింద పూడ్చారు. మెకోంబు పట్టణంలో కార్యకర్తలుండే ఇంటి మీద బాంబు పడితే, పిల్లలు ఆ ఇంటి ముందు పచ్చికలో కూర్చొని పాఠం విన్నారు. భయపడి తలుపు తెరవని దేవాలయ పెద్దలను, ఒక విద్యార్థిని వ్రాసిన కవిత కదిలించింది. వారు తలుపు తెరిచారు. చరిత్ర పాఠం చెప్పకుండా ఆపడానికి కొందరు హత్యకు సైతం వెనుదీయలేదంటే, ఆ పాఠంలో ఎంత బలమున్నదో మనం గ్రహించవచ్చు.

పాఠాలతోబాటు ఆ పిల్లల ముందు మూడు ప్రశ్నలు ఉంచేవారు. అధికారంలో ఉన్న సమాజం దగ్గర ఉన్నవాటిలో మనకు కావలసినవేమిటి? వారి దగ్గర ఉన్నవాటిలో మనకు వద్దనుకునేవేమిటి? మన దగ్గర ఉన్నవాటిలో మనం కాపాడుకోవలసినవేమిటి? పాఠకులారా, ఈ మూడు ప్రశ్నలను మరొకసారి చదవండి. వీటిలో పగ తీర్చుకునే ప్రశ్న ఒక్కటీ లేదు. అవి వివేకం నేర్పే ప్రశ్నలు.

ఇక మన సందేహానికి జవాబు వెదుకుదాం. గతాన్ని మరచిపోవడమే క్షమాపణ అని మనలో చాలామంది అనుకుంటారు. నిజానికి మరచిపోయినవాడు క్షమించలేడు. అప్పు ఎంతో తెలియనివాడు దానిని ఎలా రద్దు చేస్తాడు? పునీత తోమాసు అక్వినాసు వారు సత్యవర్తనను న్యాయానికి అనుబంధమైన సుగుణంగా లెక్కించారు. మనుషులు కలిసి బ్రతకాలంటే ఒకరికొకరు నిజం చెప్పడం బాకీ ఉన్నారని వారి భావం. ఈ బాకీ బ్రతికున్నవారి మధ్యనే ఆగిపోదు. పేరు లేకుండా సముద్రంలో పడిపోయినవారికి మనం ఇవ్వగలిగింది ప్రార్థన, వారి గురించిన సత్యం, ఈ రెండే. వారి మునిమనుమలకు ఆ సత్యాన్ని దాచిపెట్టడం దొంగతనం వంటిది.

ఆదికాండములో యోసేపు కథ మీకు తెలుసు. సొంత అన్నలే అతణ్ణి వర్తకులకు అమ్మారు. ఏండ్లు గడిచాయి. కరువు వచ్చి, అన్నలు ధాన్యం కోసం అతని ముందు నిలబడ్డారు. అతడు వారిని క్షమించిన ఘట్టాన్ని జాగ్రత్తగా చదవండి. తాను ఎవరో చెప్పుకునేటప్పుడు యోసేపు రెండు సంగతులు ఒకే ఊపిరిలో చెప్పాడు. తాను వారి సోదరుడనన్నాడు. వారు తనను ఐగుప్తుకు అమ్మివేశారన్నాడు. అమ్మకం సంగతి మాత్రమే చెప్పి ఉంటే అది శత్రుత్వం. సోదరుడనని మాత్రమే చెప్పి ఉంటే అది పైపూత. ఆ రెండూ కలిపి చెప్పినందువల్లనే అన్నలు ఏడ్వగలిగారు, దగ్గరకు రాగలిగారు. పిల్లలకు చరిత్ర చెప్పవలసిన పద్ధతి ఇదేనని నా నమ్మకం. అమ్మారు అన్న మాటనూ దాచకూడదు, సోదరులు అన్న మాటనూ దాచకూడదు.

పునరుత్థానుడైన క్రీస్తు మహిమ శరీరంతో వచ్చినప్పుడు కూడ ఆయన చేతులలో, ప్రక్కలో గాయాలు ఉన్నాయి. వాటిని శిష్యులకు చూపించాడు. శాంతి వాక్యం పలికిన ప్రభువు గాయాలను కప్పుకోలేదు.

కతోలికులమైన మనకు ఇక్కడ మరొక కష్టం ఎదురవుతుంది. ఈ చరిత్రలో మన శ్రీసభ బిడ్డలు రెండు ప్రక్కలా ఉన్నారు. 1452లో ఐదవ నికోలాసు పోపుగారు పోర్చుగలు రాజుకు వ్రాసిన పత్రం క్రైస్తవేతరులను శాశ్వత దాస్యంలోకి తీసుకోవడానికి అనుమతించింది. 1839లో పదహారవ గ్రెగోరీ పోపుగారు బానిస వ్యాపారాన్ని తీవ్రంగా ఖండించారు. ఆ ఖండనకు ఒక్క ఏడాది ముందు, అంటే 1838లో, మేరీల్యాండులోని యేసుసభ గురువులు తమ తోటలలో పనిచేసే 272 మంది స్త్రీలను, పురుషులను, పిల్లలను 1,15,000 డాలర్లకు లూసియానా భూస్వాములకు అమ్మారు. ఆ సొమ్ములో కొంత భాగం జార్జిటౌను కళాశాల అప్పులు తీర్చడానికి వాడారు. కుటుంబాలను విడదీయరాదని, ఆ సొమ్మును అప్పులకు వాడరాదని రోమునుండి వచ్చిన షరతులను మీరారు. అమ్ముడుపోయినవారు జ్ఞానస్నానం పొందిన కతోలికులు. అమ్మినవారు వారికి దివ్యపూజ సమర్పించిన గురువులు.

ఇటువంటి సంగతి పిల్లలకు చెబితే విశ్వాసం సడలిపోదా అని మీరడగవచ్చు. నేను చెప్పగలిగింది ఇది. ఆ 272 మంది వారసులలో ఎందరో లూసియానాలో కతోలికులుగానే నిలిచారు. తమను అమ్మిన చేతులకంటె తమను కొనిన క్రీస్తు రక్తం గొప్పదని వారు నమ్మారు. వారి విశ్వాసం మన విశ్వాసానికంటె బలహీనమైనదా? 2017 ఏప్రిల్‌లో యేసుసభ, ఆ విశ్వవిద్యాలయం కలిసి వారి వారసుల సమక్షంలో క్షమాపణ కోరాయి. అమ్మకం జరిపిన అధికారి పేరుతో ఉన్న భవనానికి ఆ పేరు తీసివేసి, అమ్మకపు పత్రంలో మొదటి పేరైన ఐజాక్ హాకిన్సు పేరు పెట్టారు. 2021లో యేసుసభ వారు వారసులతో కలిసి సయోధ్య కార్యక్రమాలకు 10 కోట్ల డాలర్లు సమకూర్చుతామని మాట ఇచ్చారు.

మనం చిన్ననాటి నుండి నేర్చుకున్న పాపసంకీర్తన క్రమాన్ని గుర్తుచేసుకోండి. మొదట ఆత్మశోధన, తరువాత మనస్తాపం, ఆ పిమ్మట ఇక చేయనన్న దృఢసంకల్పం, గురువుతో చెప్పుకోవడం, చివరకు ప్రాయశ్చిత్తం. ఆత్మశోధన లేకుండా నేరుగా పాపవిమోచనం ఇమ్మని అడిగేవాణ్ణి ఏ గురువూ ఒప్పుకోడు. ఒక మనిషికి అవసరమైన ఈ క్రమం ఒక జనసమూహానికీ, ఒక సంస్థకూ అవసరం లేకుండా పోతుందా? చరిత్ర పాఠం అనేది సమాజం చేసే ఆత్మశోధన. 1992 ఫిబ్రవరి 22న రెండవ జాన్ పాల్ పోపుగారు సెనెగలు దేశంలోని గోరె దీవికి వెళ్లి, ఒకప్పుడు బానిసలను బంధించిన ఇంట్లో నిలబడి, క్రైస్తవులు చేసిన ఆ పాపానికి క్షమాపణ వేడుకున్నారు. శ్రీసభ అధిపతి అంత దూరం వెళ్లి ఒప్పుకున్న సంగతిని మన పిల్లలకు దాచవలసిన పనిలేదు.

తాతలు చేసిన తప్పుకు మనుమలు దోషులా అని కొందరు వాదిస్తారు. దోషులు కారు. తండ్రి పాపం కొడుకు మీద పడదని యెహెజ్కేలు ప్రవక్త స్పష్టంగా చెప్పాడు. అయితే ఆస్తికి వారసుడైనవాడు అప్పుకు కూడ వారసుడే అని మన పల్లెల్లో అందరికీ తెలుసు. దోషం వేరు, బాధ్యత వేరు. చరిత్ర తరగతిలో కూర్చున్న తెల్ల పిల్లవాడు తలవంచుకోనవసరం లేదు. ఇప్పుడు తానేమి చేయాలో అతడు నేర్చుకోవాలి.

మొదట చెప్పిన సందేహంలో కొంత నిజం ఉన్నది, దానిని కొట్టివేయకూడదు. గాయాన్ని చూపించడంలో ప్రమాదం ఉన్నమాట వాస్తవమే. గాయం తప్ప మరేమీ చూపించకపోతే బిడ్డ తనను తాను గాయంగానే చూసుకుంటాడు. అందువల్లనే ఈ వేసవి తరగతులలో మంచి ఉపాధ్యాయులు సంస్కృతిని కూడ నేర్పుతారు. పునీత అగస్తీను వారు క్రీ.శ. 354లో ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తేలో పుట్టారని చెబుతారు. మన శ్రీసభ మహావేదాంతి ఆఫ్రికా బిడ్డ అని ఎంతమంది కతోలిక పిల్లలకు తెలుసు? బానిసగా పుట్టి, అమెరికాలో ఏ గురువిద్యాలయమూ చేర్చుకోకపోతే రోములో చదివి 1886లో గురువైన అగస్టస్ టోల్టన్ గారి గురించి చెబుతారు. ఆయనను 2019లో శ్రీసభ గౌరవనీయులుగా ప్రకటించింది. సూడానులో బానిసగా అమ్ముడుపోయి, ఇటలీలో మఠకన్యయై, 2000లో పునీతురాలిగా ప్రకటితమైన జోసెఫిన్ బఖితా కథ చెబుతారు. తోటలలో పుట్టిన భక్తి పాటలు నేర్పుతారు.

న్యూ ఓర్లీన్సు నగరంలో పునీత క్యాథరిన్ డ్రెక్సెలు స్థాపించిన జేవియర్ విశ్వవిద్యాలయం ఉన్నది. అక్కడ 1980లో నల్లజాతి కతోలిక అధ్యయన సంస్థ మొదలైనది. వేసవి నెలలలో గురువులు, మఠకన్యలు, ఉపదేశకులు వచ్చి ఈ చరిత్రను, వేదాంతాన్ని చదువుకునే చోటు అది. మిసిసిపీలో పుట్టిన థియా బౌమన్ అనే ఫ్రాన్సిస్కన్ మఠకన్య అక్కడ బోధించింది. 1989 జూన్‌లో క్యాన్సరుతో చక్రాల కుర్చీలో కూర్చొని ఆమె అమెరికా పీఠాధిపతుల సమావేశంలో మాట్లాడింది. తన జాతి చరిత్రను, పాటను, బాధను, ఆనందాన్ని వదలిపెట్టకుండా అంతా తీసుకొని శ్రీసభకు కానుకగా వస్తున్నానన్నది ఆమె సందేశం. చివరకు పీఠాధిపతులందరినీ లేపి, చేతులు కలిపించి, పాట పాడించింది. మరుసటి ఏడాది మార్చి 30న ఆమె ప్రభువు నందు నిద్రించింది. 2018లో ఆమెను పునీతురాలిగా ప్రకటించడానికి విచారణ ప్రారంభమైనది. ఆ ప్రసంగంలో ఆమె గాయాన్ని దాచలేదు, ఎవరినీ దూరంగా నెట్టలేదు. యోసేపు చెప్పిన రెండు సంగతులూ ఆమె మాటలలో ఉన్నాయి.

నేర్పకపోతే ఏమి జరుగుతుందో చెప్పడానికి దూరం పోనక్కరలేదు. 2025 మే 8న పదునాలుగవ లియో పోపుగారు ఎన్నికయ్యారు. ఆయన తల్లిగారి తల్లిదండ్రులు న్యూ ఓర్లీన్సులో నివసించిన క్రియోలు కుటుంబీకులనీ, పాత జనాభా లెక్కలలో నల్లవారిగా నమోదయ్యారనీ వంశచరిత్ర పరిశోధకులు వెంటనే బయటపెట్టారు. ఆ కుటుంబం చికాగోకు వెళ్లిన తరువాత ఆ సంగతి ఇంట్లో మాట్లాడుకునే విషయంగా మిగలలేదని ఆయన సోదరుని మాటలనుబట్టి తెలిసింది. ఆ కాలంలో అలా మౌనంగా ఉండక తప్పని పరిస్థితులు ఎన్నో కుటుంబాలకు ఉండేవి. వారిని మనం తప్పుపట్టలేము. కాని నిజం చెప్పుకుంటే అవమానం జరుగుతుందని మనుషులు భయపడేలా చేసిన సమాజాన్ని మాత్రం తప్పుపట్టాలి.

ఇదంతా దూరదేశపు కథ, మనకేమిటి అంటారా? బానిసత్వం రద్దయిన తరువాత మారిషసు, నాటాలు చెరకు తోటలలో పనికి మనుషులు కావలసివచ్చారు. అప్పుడు ఒప్పంద కూలీలుగా ఓడలెక్కినవారిలో మన తెలుగువారు ఉన్నారు. కాకినాడ ప్రక్కన ఉన్న కోరంగి రేవు పేరు మారిషసులో తెలుగువారికి మారుపేరైనది. 1860 నవంబరులో మద్రాసు నుండి ట్రూరో అనే ఓడ దర్బను చేరింది. మారిషసులో ఆఫ్రికా బిడ్డలు ఖాళీచేసిన కొట్టాలలో మనవారు కాపురమున్నారు. ఈ కథ మన బడి పిల్లలలో ఎందరికి తెలుసు?

ఇంకా దగ్గరకు రండి. 2016 డిసెంబరులో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య దళితుల సాధికారతపై విధాన పత్రం వెలువరించింది. అంటరానితనం, వివక్ష శ్రీసభలో కూడ ఉన్నాయని అందులో ఒప్పుకున్నది. మన విచారణలలో దేవాలయానికి పునాది రాళ్లు మోసిన తాతలు ఎవరు? వారు జ్ఞానస్నానం పొందిన రోజున ఊరిలో వారికి ఏ బావి నీళ్లు దొరికేవి? ప్రభువు బల్ల దగ్గర కలిసి కూర్చున్నవారు పెండ్లి విందులో కలిసి కూర్చున్నారా? ఈ ప్రశ్నలు మన వేసవి సత్యోపదేశంలో ఎక్కడా కనబడవు. మనం సోదరులం అన్న మాట ఎంతో నేర్పుతున్నాం. రెండవ మాట దగ్గర గొంతు తగ్గిస్తున్నాం.

తల్లిదండ్రులారా, ఈ వేసవిలో ఒక పని చేయండి. మీ ఇంట్లోనో, వీధిలోనో బ్రతికున్న పెద్దవారి దగ్గర పిల్లలను కూర్చోబెట్టండి. వారు పడ్డ కష్టాన్ని, పాడుకున్న పాటను, చేసిన ప్రార్థనను చెప్పించండి. మొదటి ఉపదేశి ఎవరో, మొదటి గుడిసె ఎక్కడ వేశారో అడిగించండి. చెప్పేటప్పుడు బాధ కలిగితే కలగనీయండి. కథ ముగిశాక అందరూ కలిసి ఒక పరలోక జపం చెప్పండి. మా అప్పులను క్షమించమని అడిగే చోట ఆ బిడ్డకు తొలిసారిగా తెలుస్తుంది, తాను క్షమించవలసింది ఏమిటో, తనను క్షమించవలసింది ఏమిటో.

ఐగుప్తు దాస్యం గురించి పిల్లలు అడిగినప్పుడు చెప్పమని ఇశ్రాయేలు తల్లిదండ్రులకు దేవుడే ఆజ్ఞాపించాడు. ఏటా పండుగ చేసి మరీ చెప్పమన్నాడు. అదే ధర్మశాస్త్రంలో, మీరు ఒకప్పుడు పరదేశులుగా ఉన్నారు గనుక మీ మధ్య ఉన్న పరదేశిని బాధపెట్టవద్దని కూడ చెప్పాడు. జ్ఞాపకం ఎందుకో ఆ ఆజ్ఞలోనే ఉన్నది. తన బాధను గుర్తుంచుకున్న జనం ఇతరుల బాధను ఎరుగుతుంది. మీ పిల్లలు అడుగుతారు. అడిగినప్పుడు జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండండి.